నడక మిషను కాగితం

విశాఖ పోర్టులో ఓడ అడుగున సరుకు ఎత్తే గ్యాంగులో చలమయ్యది ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎనభై ఆరు వేసవిలో ఒకరోజు నిచ్చెన ఎక్కుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఈసీజీలో ఏమీ తేలలేదు. కోత లేకుండా గుండె నాళాల్లో పూడిక ఉందో లేదో చెప్పే నడక మిషను ఊళ్లోకి వచ్చిందట. అందులో బాగున్నట్టు కాగితం తెస్తేనే పోర్టు డాక్టరు ఓడ ఎక్కనిస్తానన్నాడు. లేకపోతే గేటు దగ్గర కుర్చీలో కాపలా పని.

కుర్చీలోకి మారినవాళ్లని గ్యాంగువాళ్లు ముసలమ్మలని ఏడిపించేవారు. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది చలమయ్యే.

పరీక్షకి భార్య దేముడమ్మ తోడు వెళ్లింది. పేరు పిలిచే ముందు అతను, నొప్పి వస్తే నాలిక కింద పెట్టుకోమని ఇచ్చిన మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు. నొప్పి వచ్చిందా అని ఆమె కంగారుపడింది.

"నడిసినప్పుడు రాకుండా ఏసుకున్నాను. నువ్వు నోరెత్తకు."

లోపల ఛాతీ గొరిగి తీగలు అతికించారు. పొద్దున్న మందేమైనా వేసుకున్నావా అని డాక్టరు అడిగితే లేదన్నాడు. డాక్టరు ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, వేసుకోలేదు కదా?" అన్నాడు. మొగుడు ఆమెనే చూస్తున్నాడు. వేసుకోలేదన్నట్టు తల ఊపింది.

కదిలే పట్టా మీద చలమయ్య చెమటలు కక్కుతూ నడిచాడు. గీతలు సరిగ్గానే వచ్చాయి. బాగుందని కాగితం ఇచ్చారు.

"బావా, పెళ్లికొడుకులాగ గొరిగించుకొచ్చీసేవేటి?" అని పనిలో గ్యాంగువాడు గురువులు అనేవాడు వేళాకోళమాడాడు. అందరూ నవ్వారు. ఆ కాగితాన్ని పదిమందికీ చూపించీ చూపించీ చివరికి చలమయ్యే దాన్ని నమ్మేశాడు. బాగున్నవాడికి మాత్రలెందుకని ఇంట్లో వదిలేసి పనిలోకి దిగాడు. తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం ఎరువుల బస్తాల మధ్య ఒరిగిపోయాడు. పైకి తెచ్చేసరికే ప్రాణం లేదు.

చనిపోయిన పదోనాడు గురువులు ఇంటికి వచ్చాడు. తనకీ మెట్లెక్కితే ఆయాసమొస్తోందని, అదే పరీక్ష చేయించుకోమన్నారని చెప్పాడు.

"బావకి బాగుందన్న మిషనే కదా. నాను ఎల్లను."

అత్త జోగమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, ఆ మిషన్నీ డాక్టర్నీ తిడుతూ ఏడుస్తోంది.

దేముడమ్మ నేల వంక చూస్తూ అంది.

"మిషను తప్పు కాదన్నా. మాత్రేసుకుని ఎక్కేడు. డాక్టరుబాబు నన్నడిగితే, లేదనీసేను. నువ్వు ఏటీ ఏసుకోకుండా ఎల్లు."

జోగమ్మ ఏడుపు ఆగింది. కాసేపటికి కోడలి చెయ్యి వదిలేసింది.