మామిడి కొత్తకు వారం ముందు

మొన్న బుధవారం పొద్దున్న, మేము కాఫీ గింజలు ఆరబోసుకునే గచ్చు మీద ఎండ కోసం కూర్చుని ఉంటే, మా చెల్లెలి మనవరాలు ఒక లావుపాటి నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఇందులో తెలుగు తప్పులేమైనా ఉంటే దిద్దమనీ, రేపే కాలేజీ నుంచి మేడమ్ వచ్చి తన పాఠం చూస్తారనీ చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఈ కొండ మీద తప్పులు దిద్దడానికి ఇంకా నేనే దొరుకుతున్నాను. బడికి పోయి చదివినవాణ్ని కాను కదా అని వాళ్లెవరూ అనుకోరు, నేను మాత్రం ప్రతిసారీ అనుకుంటాను.

ఆ పిల్ల కింద మైదానంలో ఒక కాలేజీలో మూడో ఏడు చదువుతోంది. డిగ్రీ, బీఎడ్ రెండూ కలిపి నాలుగేళ్ల చదువట. మధ్యలో కొన్ని వారాలు ఏదో ఒక బడికి పోయి పాఠాలు చెప్పి చూపించాలట, అందుకే మా ఊరి బడికి వేయించుకుని వచ్చింది. నాలుగేళ్లూ అయ్యాక టెట్ అని ఒక పరీక్ష ఉంది. అది గట్టెక్కితే చేతికి కాగితం వస్తుంది గానీ ఉద్యోగం రాదు. ఉద్యోగానికి డీఎస్సీ రాయాలి, ఆ డీఎస్సీ ఎప్పుడు పడుతుందో పడేదాకా ఎవరికీ తెలియదు. ఇదంతా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. రెండో తరగతి గుంటడికి తీసివేతలు నేర్పడానికి ఇన్ని గుమ్మాలు దాటాలా అని నేను కసిరాను. నువ్వు ఒక్కటీ దాటలేదుగా తాతా, అందుకే నీకన్నీ ఎత్తుగా కనిపిస్తాయి అంది. నవ్వుతూనే అంది. ఆ మాట నన్ను రెండు రోజులు తిన్నది.

సరే, నోటుబుక్కు తెరిచాను. ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి పాఠానికీ గళ్లు గీసి, పాఠం ఉద్దేశం ఏమిటి, పిల్లల్ని ఎలా పాఠంలోకి దింపాలి, టీచరు ఏం చేస్తుంది, పిల్లలు ఏం చేస్తారు, చివర ఏం అడగాలి, అంతా రాసి ఉంది. పిల్లలు ఏం చేస్తారో ముందే రాసిపెట్టడం నాకు మహా విడ్డూరంగా తోచింది. అలా ఒక్కొక్క పేజీ తిప్పుతూ గురువారం పాఠం దగ్గరికి వచ్చాను. రెండో తరగతి, తీసివేత. బోధనోపకరణాలు అనే గడిలో, మామిడికాయలు, పది.

నా చేతిలో పెన్ను అక్కడే ఆగిపోయింది.

మన కొండల సంగతి ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. మా ఊళ్లో చెట్టున కాయ ఎంత విరగకాసినా, మామిడి కొత్త అనే పండుగ అయ్యేదాకా ఎవరూ ముట్టరు. పూజారి మొదటి కాయలు కొండదేవతకు పెట్టి, ఆ తర్వాత ఇంటింటా చచ్చినవాళ్ల పేరు చెప్పి పెట్టుకుని, అప్పుడు తింటాం. నాలుగేళ్ల పిల్ల కూడా కింద రాలిన కాయను చూసి పక్కనించి నడిచిపోతుంది. మైదానం నుంచి వచ్చిన కాయైనా అంతే, మామిడికాయ మామిడికాయే. ఈ ఏడు పండుగ వచ్చే మంగళవారం అని పూజారి చెప్పి ఉన్నాడు. గురువారం దానికి ముందే వస్తుంది.

సరిగ్గా ఇలాగే, పండుగకు వారం ముందు, యాభై ఏళ్ల కిందట ఇదే బడిలో నేను పాఠం చెప్పాను.

నేను అక్షరాలు నేర్చుకున్నది రైలు దారి వేసే రోజుల్లో. మా అయ్య సొరంగాల పనికి పోతే వెనకాలే పోయేవాణ్ని, సిమెంటు గోతాల మీద అచ్చులు, టైడా స్టేషను బోర్డు మీద అక్షరాలు వేలితో దిద్దుకుంటూ, దారినపోయే మేస్త్రీని ఇదేమిటి అదేమిటి అని ప్రాణం తీస్తూ నేర్చుకున్నాను. స్టేషను నుంచి మా ఊరు రెండు గంటల ఎక్కుడు. ఊళ్లో తాటాకు బడి ఉండేది, దానికి మైదానం నుంచి వేసిన మాస్టారు ఉండేవారు. ఆయన్ను తిట్టను, ఎందుకంటే వచ్చిన మొదటి వర్షాకాలమే చలిజ్వరం ఆయన్ను ముప్పుతిప్పలు పెట్టింది. ఆ తర్వాత సంతరోజు మాత్రం వచ్చి హాజరు పట్టీ చూసుకుని పోయేవారు. మిగతా రోజులు బడికి నీళ్లు మోసే నేనే బడి నడిపేవాణ్ని. మా ఇంటి మాట తెలుగు కాదు, పుస్తకంలో ఉన్నదంతా తెలుగు. ఓడ అని ఉంటే ఆ ఓడను ముందు మా మాటలోకి దింపి, మా వాగులోకి దింపి, తర్వాత తెలుగులోకి ఎక్కించేవాణ్ని. ఎనిమిదో తరగతి పరీక్ష ప్రైవేటుగా కట్టి ఎలాగో గట్టెక్కాను. అలా ఆరేళ్లు నడిచింది.

ఆ ఆరో ఏడు మాస్టారే దయతలచి పైకి రాశారు, ఇక్కడొక కుర్రవాడు ట్రైనింగు లేకుండా పాఠాలు చెబుతున్నాడు, వాణ్ని ట్రైనింగుకు తీసుకుంటే ఈ కొండకు ఒక మాస్టారు దొరికినట్టే అని. దానికి ఒక పద్ధతి ఉండేది. ట్రైనింగు కాలేజీ నుంచి లెక్చరరు వచ్చి పాఠం చూస్తారు, ఆయన బాగుందని రాస్తే సీటు, సీటు వస్తే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు వస్తే నా బడి నాకే. ఆ కబురు వచ్చిన నాటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. పేడతో బడి అలికాను, పిల్లల జుట్లకు నూనె రాయించాను. నల్లబల్ల లేకపోతే తలుపు ఊడదీసి మసి పూశాను.

ఆయన పాసింజరు బండిలో దిగి చెమటలు కక్కుతూ కొండెక్కి వచ్చారు. చేతిలో గుడ్డసంచి. కుండలో నీళ్లు ఒక్క గుక్కలో తాగి, ఆ సంచి నా చేతికిచ్చి, మీ దగ్గర ఉపకరణాలేవీ ఉండవని ఇవి తెచ్చానయ్యా, వీటితో లెక్కలు చెప్పు, అయ్యాక పిల్లలకే పంచెయ్ అన్నారు. విప్పి చూస్తే పచ్చి మామిడికాయలు. తన చేతి డబ్బుతో కొని, తన భుజాన మోసుకొచ్చారు పాపం. ఆయన మంచివాడు కాబట్టే నాకు చిక్కొచ్చి పడింది. చెడ్డవాడైతే కాదనడం తేలిక.

నాకు తెలుసు. పూజారి ఇంకా రోజు చూడనే లేదని, మరో వారం పడుతుందని నాకు బాగా తెలుసు. బాబూ, మా ఊళ్లో ఇవి ఇప్పుడు ముట్టరు, నేను చింతపిక్కలతో చెబుతాను అంటే ఒక్క మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కాగితం ఇవ్వబోయే మనిషికి కాదని చెప్పడం ఎలా? మూఢనమ్మకాలున్నవాడు మాస్టారేమిటని రాస్తాడేమో. నవ్వుతాడేమో. ఆ నవ్వుకు భయపడ్డాను. సంచి పట్టుకుని పిల్లల ముందుకు నడిచాను.

పధ్నాలుగు మంది పిల్లలు. మొదటివాడికి కాయ చాపాను. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. రెండోవాడూ అంతే. వరస మొత్తం, ఎవరూ చెప్పకుండానే, చేతులు వెనక్కి. నాకేసి చూస్తున్నారు, వీడికి మతి పోయిందా అన్నట్టు. వెనకనించి లెక్చరరు గారు, భయపడుతున్నట్టున్నారు, దగ్గరి పిల్లను ఎవరినైనా పిలువు అన్నారు. నాకు దగ్గరి పిల్ల అంటే మా చెల్లెలే. తొమ్మిదేళ్లది. లెక్కల్లో నాకంటే ముందుండేది. దాన్ని లేపి, నాలుగు కాయలు దాని ఒళ్లో పోసి, మా ఇంటి మాటలో తీసుకో అన్నాను. నా మొహంలోకి చూసింది. తీసుకుంది. ఒకటి తిననియ్యి, మిగిలినవి ఎన్నో చెబుతుంది అన్నారు వెనకనించి. తినమన్నాను. ఉప్పైనా లేదు. కళ్లు గట్టిగా మూసుకుని కొరికి మింగింది.

"ఎన్ని మిగిలాయి?"

"మూడు."

ఆ లెక్క తప్పు కాదు. కానీ పిల్లలెవరూ కాయల్ని చూడటం లేదు, దాన్ని చూస్తున్నారు.

రెండు నెలలకు కాగితం వచ్చింది. ఒక్క బాలిక తప్ప పిల్లల్లో ప్రతిస్పందన లేదు, అభ్యర్థికి తరగతిపై పట్టు లేదు అని రాశారు. ఆరేళ్ల పట్టు అరగంటలో లేకుండా పోయింది. కొత్త ఏడు ట్రైనింగైన మాస్టారు ఒకాయన వచ్చారు, నేను మళ్లీ నీళ్ల కుండకు, ఆ తర్వాత కాఫీ తోటల కాపలాకు. అది నా సంగతి. మా చెల్లెలి సంగతి ఆ వారమే తేలిపోయింది. ఊరిపెద్దలు తప్పు వేశారు, మా అయ్య కోడినిచ్చి దేవతకు మొక్కాడు, పెద్ద శిక్షేం కాదు. కానీ ఇంటికొచ్చి, బడి నేర్పేది ఇదైతే నా గుంటకు అక్కర్లేదు అన్నాడు. మర్నాటినుంచి అది అడ్డాకులకు అడవికి పోయింది. ఇప్పటికీ పింఛనుకు వేలిముద్రే. ఆమధ్య మాస్టార్లకు కూడా వేలిముద్ర మిషన్లు పెట్టినప్పుడు మాత్రం కడుపారా నవ్వింది, ఇన్నాళ్లకు ఆళ్లూ నాకాడికే వచ్చినారని.

ఈ యాభై ఏళ్లూ నేను తిట్టింది ఆ లెక్చరర్నే. కాఫీ తోటలో, సంతలో, జీపుల్లో, ఎక్కడ చదువుల మాటొచ్చినా ఈ కథ చెప్పి, కొండ పద్ధతి తెలియనివాడు వచ్చి నా బతుకు కొలిచిపోయాడని చెప్పేవాణ్ని. విన్నవాళ్లంతా అయ్యో అనేవారు. చెల్లెలి చేతికి కాయ ఇచ్చింది ఎవరన్నది నేను చెప్పేవాణ్ని కాను, వాళ్లూ అడిగేవారు కాదు.

పెన్ను పక్కన పెట్టి లేచాను. ఆ పిల్ల మూడో తరగతి నుంచి హాస్టళ్లలో పెరిగింది, పాఠం కాలేజీలో కూర్చుని పుస్తకం చూసి రాసుకుంది, పండుగ గుర్తుండి ఉండదు. ఆపాలి. ఇంట్లో చూస్తే లేదు, మోకాళ్లు సహకరించకపోయినా గబగబా బయటికి నడిచాను. ఊరి చివర పెద్ద బండ ఉంది, ఫోను సిగ్నలు అక్కడే అందుతుంది. పిల్ల బండ మీద నిలబడి చెవికి ఫోను పెట్టుకుని ఉంది, కింద మా చెల్లెలు విస్తరాకులు కుట్టుకుంటోంది. నా అడుగుల చప్పుడు విని మా చెల్లెలు తల ఎత్తకుండానే అంది.

"పొయ్యికాడ కూకుని పాఠం వల్లిస్తంటే ఇన్నాను. మామిడికాయలట. అప్పుడే సెప్పేసినాను, కొత్త అవ్వకుండా కాయ ఎవులిచ్చినా పిల్లలు ముట్టరే, ముట్టించకు అని. మీ తాత ఇచ్చినా సరే అని."

అది చేయి ఆపకుండానే కుట్టుకుంటోంది. ఇన్నేళ్లలో ఆ మాట మా ఇద్దరి మధ్యా రావడం ఇదే మొదటిసారి, అదీ నవ్వులాగే వచ్చింది.

పిల్ల బండ దిగింది. మేడమ్‌తో ఏం మాట్లాడావని అడిగాను. ఉన్నదే చెప్పానంది, మా ఊళ్లో ఇంకా మామిడి కొత్త అవలేదు, పిల్లలు ముట్టరు, ఈ పాఠం వచ్చే వారం పెట్టుకుందామా అని అడిగానంది.

"దానికావిడ ఏటంది?"

"ఏటంటాది తాతా, సరేనంది. కొత్త అయ్యాక, వచ్చే వారం శుక్రవారం వస్తాదట. కొత్తకాయ తనకీ ఒకటి ఉంచమంది."

అంతే. ఒక్క ఫోను, ఒక్క మాట. నేను అక్కడే బండకు చేరగిలబడి కూర్చుండిపోయాను. నాకు ఆయాసం వచ్చిందనుకుని పిల్ల నీళ్లకు పరిగెత్తింది.

రోజులు మారాయని మన వయసువాళ్లం అంటూ ఉంటాం, మారాయి కూడా. ఆ రోజుల్లో ఫోను లేదు, బండ మీద సిగ్నలు లేదు, మా కొండ నుంచి కాలేజీకి పోయిన మనిషే లేడు. నాలుగేళ్ల చదువూ, టెట్టూ, డీఎస్సీ అని నేను ఎన్ని వెక్కిరించినా, ఆ పిల్లకు ఆ చదువులో ఎక్కడో ఒకచోట, ఎదుటివాళ్లకు మన సంగతి చెప్పవచ్చునని కూడా నేర్పి ఉంటారు. లేదా మా చెల్లెలే నేర్పిందేమో. కానీ ఆనాడు లెక్చరరు గారు నాకు మూడడుగుల దూరంలో కుర్చీలో ఉన్నారు. ఆయనతో మాట్లాడటానికి ఫోను అక్కర్లేదు. అడిగితే సరేననేవారేమో, చింతపిక్కలతో చెప్పమనేవారేమో, తన కొడుక్కి కొనుక్కున్నట్టు కాయలు కొని మోసుకొచ్చిన మనిషి. కాదనేవారేమో కూడా. అది ఇక తేలదు. నేను అడగలేదు.

ఇంటికి వచ్చి మళ్లీ నోటుబుక్కు తీశాను. కళ్లద్దాలు తుడుచుకుని ఆ పేజీ మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. తెలుగు తప్పు ఒక్కటీ లేదు. మామిడికాయలు, పది అన్నచోట వేలు పెట్టి, దాన్ని దిద్దకుండా వదిలేశాను. తర్వాత పైన ఉన్న గురువారం తేదీ కొట్టేసి, నా చేత్తో వచ్చే వారం శుక్రవారం తేదీ వేసి, పుస్తకం మూసి, వెనకాలే వచ్చి కూర్చున్న చెల్లెలి పక్కన పెట్టాను.