ఆడ నిలపొద్దప్పా

నంద్యాలలో మా వీధి ఆడపిల్లలకు ఖురాన్ నేర్పిన అక్కను అందరం ఆపా అనేవాళ్లం. ఆమె తన టీ ఏనాడూ పూర్తిగా తాగి ఎరగదు. మేం మాత్రం పాఠం మధ్యలో ఆపితే ఊరుకునేది కాదు. "ఆడ నిలపొద్దు, ముందుకు సదువు" అనేది.

నాతో చదువుకున్న పిల్ల ఒకరోజు వాచిన చెంపతో ఆమె దగ్గరికొచ్చింది. వెనకే ఆళ్లగడ్డ నుంచి మొగుడు, చేతిలో తెలుగు ఖురాన్‌తో.

"పెండ్లాన్ని కొట్టొచ్చని ఈడ రాసుండాది, ఆపా!"

"ఆడ నిలపొద్దప్పా, ముందుకు సదువు."

చదివాడు. గొడవ ముదిరితే భర్త తరఫున ఒకరిని, భార్య తరఫున ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని ఉంది.

"ఈ పిల్ల తరపున నేనుండా. నీ తరపున ఎవరప్పా?"

"మాయమ్మ."

మరునాడు ఆ తల్లి వచ్చింది. కోడలి చెంప చూసి, కొడుకును దాటుకుని వెళ్లి ఆపా పక్కన కూర్చుంది.

ఆ పూట ఆపా టీ చుక్క మిగల్చలేదు.