ఒకే జీతం, రెండు పన్నులు

సత్యకుమారి, శ్రీసుధ పిఠాపురంలో ఒక కాలేజీలో ఒకే రోజున లెక్చరర్లుగా చేరారు. జీతం రూపాయి తేడా లేదు. అయినా ఫిబ్రవరి వచ్చేసరికి ఏడాది ఆదాయపు పన్నంతా ఆ ఒక్క నెలలోనే కోత పడి సత్యకుమారి చేతికి జీతం సగం కూడా వచ్చేది కాదు. శ్రీసుధకు మాత్రం దాదాపు మొత్తం వచ్చేది.

శ్రీసుధ భర్త మణిశంకర్ బీమా ఏజెంటు. ఏ పాలసీకి ఎంత రాయితీయో అతనికి కంఠతా వచ్చు. వాళ్ళు ఉంటున్నది శ్రీసుధ మామగారి మేడ మీదే అయినా, అద్దెకిచ్చే రాయితీ కోసం ఆయన చేత అద్దె రసీదులు కూడా రాయించేవాడు. సత్యకుమారికి పెళ్ళి కాలేదు. తల్లి మంచంలో ఉంది. ఆవిడ మందులకూ, కనిపెట్టుకుని ఉండే బుల్లెమ్మకూ జీతంలో చాలా భాగం పోయేది. ఆ ఖర్చు రాయడానికి పన్ను ఫారంలో గడి లేదు.

2002 ఫిబ్రవరిలో ఒక రోజు శ్రీసుధ కొత్త జరీ చీరలో స్టాఫ్ రూముకు వచ్చింది.

"ఈసారీ కోత పడలేదు కదాని కొనుక్కున్నానండి," అంది.

సత్యకుమారి టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"ఇన్ని రాయితీలేంటండి అసలు? ఎంతొస్తే దానికి నూటికి ఇంతని ఒకటే పన్ను పెడితే పోదా? ఏజెంటు మొగుడున్నవాళ్ళకి ఒకటీ, లేనివాళ్ళకి ఒకటీనా?"

లెక్కలు చెప్పే శశిభూషణ్ గారు కాసేపు కాగితం మీద ఏదో వేసి చూశారు.

"నూటికి ఎనిమిది పెట్టారనుకోండి, మీరు కట్టేది ఇంచుమించు ఇప్పటంతే. ఆడవాళ్ళకిచ్చే తగ్గింపు కూడా పోతుంది మరి. పెరిగేది శ్రీసుధగారికేనండి."

"పెరగనివ్వండి," అంది సత్యకుమారి. అనేశాకగానీ తన మనసులో ఉన్నదేమిటో తనకే తెలియలేదు. సిగ్గేసింది. అయినా ఆ ఆదివారం కూర్చుని అదే వాదన నెమ్మదిగా, ఎవరి పేరూ లేకుండా పత్రికకు రాసింది. అచ్చయింది.

శ్రీసుధ ఆ పత్రిక పట్టుకొచ్చింది. "బాగా రాశారండి. అలా వస్తే నాకే మేలు."

"మీకా?"

"రాయితీ కోసమని మావారు నా జీతం పాలసీల్లో పెట్టేస్తారండి. ఆ జరీ చీరకైనా ఆయన్నే అడగాల్సొచ్చింది. పన్ను కట్టేస్తే, మిగిలింది నాదే కదా."

జాలిపడాల్సిన మాటే. కానీ సత్యకుమారికి జాలి కలగలేదు. అడగడానికి ఒక మనిషి ఉన్నాడు కదా అనిపించింది. చీర మీది కుళ్ళు కంటే ఇది లోతుగా దిగింది.

నాలుగేళ్ళకు తల్లి పోయింది. శ్రీసుధతో కలిసి పరామర్శకు వచ్చిన మణిశంకర్ వెళ్ళబోతూ పాలసీ ఫారాలు తీశాడు. "ఇప్పుడు మీకు ఖర్చుల్లేవు కదండీ. కాస్త దాచుకుంటే పన్ను తగ్గిపోద్ది."

"వద్దండి. ఎంత పడితే అంత కడతాను," అంది సత్యకుమారి.

స్కూటరు వెనక కూర్చున్న శ్రీసుధ భర్త భుజం మీద చెయ్యి వేసింది. బండి వీధి మలుపు తిరిగేదాకా సత్యకుమారి గేటు పట్టుకుని ఆ చేతినే చూస్తూ నిలబడింది.