మూడో మెట్టు మామయ్య

ఒక్కసారి అడగ్గానే ఒప్పుకునే మనుషులంటే మామయ్యకు గిట్టదు.

"రమ్మనగానే వచ్చేవాడు హీరో ఎలా అవుతాడే? వాడు చుట్టం," అనేవాడు మేనకోడలితో.

మామయ్యది కళ్ళజోళ్ళ షాపు. కళ్ళు కూడా పరీక్షిస్తాడు గనుక వీధిలోవాళ్ళు డాక్టరుగారు అనేవారు. సినిమాలు తీయడం మధ్య తీరిక దొరికితే కళ్ళజోళ్ళు అమ్మేవాడు. ఏ పుస్తకంలో చదివాడో గానీ, లోకంలో ఏ కథలోనైనా హీరో పన్నెండు మెట్లు ఎక్కాల్సిందేనని పట్టుబట్టాడు. కళ్ళు పరీక్షించే అట్ట మీద మామూలు అక్షరాలు తీసేయించి ఆ మెట్లే రాయించాడు. పైన గుమ్మడికాయలంత అక్షరాలతో "మామూలు బతుకు". దాని కింద "పిలుపు". మూడో వరుస "నేను రాను". అక్కణ్ణుంచి గురువు, గడప, పరీక్షలు అంటూ అక్షరాలు చిక్కిపోయి, పన్నెండో వరుస చీమల బారులా ఉండేది. దాన్ని చదవగలిగినవాడికి కళ్ళజోడు అక్కర్లేదు గనుక ఆ షాపుకు వచ్చినవాళ్ళెవరికీ కథ ముగింపు తెలియదు.

ఆయన ప్రాణమంతా మూడో మెట్టు మీదే. తాను కూడా దేనికీ మొదటిసారి ఒప్పుకునేవాడు కాదు. అక్కగారింటికి వస్తే, "టీ తాగుతావురా?" అని ఆవిడ అడిగేది. "వద్దక్కా," అని ఆశగా కూర్చునేవాడు. ఆవిడ ఫ్లాస్కు మూత బిగించేసేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినప్పుడు వద్దంటే అక్క మాత్రం ఎందుకు పెడుతుంది?

ఆయన సినిమాలకు కెమెరా పట్టేది మేనకోడలు. అంతకుముందు ఒక స్కూలు వార్షికోత్సవంలో ఆమె మీట నొక్కాల్సినప్పుడు ఆపి, ఆపాల్సినప్పుడు నొక్కి, రెండు గంటలపాటు తన చెప్పులను చక్కగా చిత్రీకరించింది. ఆ రోజు నుంచి కెమెరా బీరువాలో పెట్టి తాళం వేసింది. మామయ్య వచ్చి అడిగితే, "నా వల్ల కాదు," అంది. "సరే, మళ్ళీ వస్తాను," అని తొమ్మిదిసార్లు వచ్చాడు. తొమ్మిదోసారి ఆమె బీరువా తాళం తీసింది. ఇంట్లోవాళ్ళు ఆయనకు పనీపాటా లేదనుకున్నారు.

ఈసారి సినిమా, ఎవరూ తెరవలేని తలుపు తెరవడానికి బయల్దేరిన తాళాలాయన కథ. ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో ఊళ్ళోవాళ్ళు తీసిన చిన్న సినిమాల ప్రదర్శన. గురువారానికి హీరో తప్ప సినిమా అంతా పూర్తయింది. హీరోయిన్‌గా వేసిన రిటైర్డు టైపిస్టు ఖాళీ కుర్చీతో మూడుసార్లు పోట్లాడి, ఒకసారి రాజీ కూడా పడింది.

చెప్పుల సంగతి జనం మరిచిపోవాలంటే మేనకోడలికి ఈ సినిమా తెర మీద పడి తీరాలి. అందుకే ఓపిక నశించి జిమ్ము మాస్టర్ని వెంటబెట్టుకొచ్చింది.

"హీరో వేషం వేస్తావా?" అన్నాడు మామయ్య.

"ఎప్పుడు రమ్మంటారు సార్?"

మామయ్య ముఖం వాడిపోయింది. "ఒక్కసారి వద్దనవయ్యా."

"ఎందుకు సార్, నాకు ఇష్టమే."

"నీకేం కొరత లేదు నాయనా. వెళ్ళి బరువులెత్తుకో."

"ఇంకెవరున్నారు మామయ్యా?" అంది మేనకోడలు పళ్ళు నూరుతూ.

"వీధి చివర తాళాలు బాగుచేసే ఆయన. ఇప్పటికి పదిసార్లు రానన్నాడు. బంగారంలాంటి హీరో."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, ఆయన మూడో మెట్టు దిగేలా లేడు. గట్టిగా పోట్లాడదామని మేనకోడలు కూడా వెంట వెళ్ళింది.

తాళాలాయన భార్య పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి ఆయన షాపు షట్టరు మోకాళ్ళ ఎత్తు వరకే లేచేది. జనం తాళాలు కింద నుంచి లోపలికి తోసి, బాగయ్యాక అక్కణ్ణుంచే తీసుకునేవారు. మామయ్య మెట్టు మీద చతికిలబడి జేబులోంచి ఒక తాళం తీసి లోపలికి తోశాడు.

"మళ్ళీ పాడైందండి. సినిమా సంగతి ఏమనుకున్నారు?"

"నేను రానండి."

"సరే, మళ్ళీ వస్తాను," అన్నాడు మామయ్య.

లోపల తాళాన్ని తిప్పి చూస్తున్న చప్పుడైంది. తర్వాత గొంతు వినిపించింది. "డాక్టరుగారూ, ఇది పాడవలేదు. మీరే చీపురుపుల్ల ఇరికించి విరగ్గొట్టారు. పదకొండు తాళాలూ అలాగే చెడగొట్టారు."

మామయ్య నేల చూపులు చూశాడు. "మొదటిసారే చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు మళ్ళీ రారేమోనని."

తాళాలాయనే మళ్ళీ అన్నాడు. "మా ఆవిడ పోయిన కొత్తలో అందరూ పిలిచారు. రానన్నాను. రెండోసారి ఎవరూ పిలవలేదండి."

మేనకోడలికి పోట్లాట గుర్తు రాలేదు. తన బీరువా గుర్తొచ్చింది, తొమ్మిదిసార్లు గుమ్మంలో నిలబడ్డ మామయ్య గుర్తొచ్చాడు. రిటైరయ్యాక ఎవరింటికీ వెళ్ళకుండా కూర్చున్న టైపిస్టూ గుర్తొచ్చింది. ఈయన సినిమాలో ఉన్నవాళ్ళంతా ఒకసారి వద్దని, ఆపైన ఎవరూ పిలవక ఊరుకున్నవాళ్ళే. ఇన్నాళ్ళూ మామయ్యది పిచ్చి అనుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

షట్టరు కిర్రుమంటూ పూర్తిగా పైకి లేచింది. రెండేళ్ళ తుప్పు ముగ్గురి నెత్తినా రాలింది.

శనివారం ఒక్కరోజులో తాళాలాయన తన వేషం పూర్తిచేశాడు. ఆదివారం సినిమా తెర మీద పడింది, ఎక్కడా చెప్పులు కనబడలేదు, హాలంతా చప్పట్లు కొట్టింది. లైబ్రేరియన్ మైకు పట్టుకుని, "ఈ సినిమా తీసినవారు వేదిక మీదకు వచ్చి రెండు మాటలు చెప్పాలి," అంది.

"నేను రాను," అన్నాడు మామయ్య వెనక వరుసలోంచి.

ఆవిడ మర్యాదస్తురాలు. "సరే, వారి ఇష్టం," అని తర్వాతి చీటీ తీసింది. మామయ్య, అక్క ఫ్లాస్కు మూత బిగించినప్పటి ముఖం పెట్టుకుని కూర్చున్నాడు.

మేనకోడలు లేవబోయింది. అప్పటికే తాళాలాయన లేచి, అంతమంది చూస్తుండగా మామయ్య దగ్గరికి వచ్చి జేబులోంచి తన కళ్ళజోడు తీశాడు.

"డాక్టరుగారూ, దీని కాలు ఊడింది. కాస్త చూస్తారా?"

మామయ్య తిప్పి చూశాడు. పట్టకారు గాటు తాజాగా మెరుస్తోంది.

"ఇది ఊడలేదండి. ఊడబీకారు."

"అవునండి. వేదిక మీద లైటు బాగుంది. అక్కడికెళ్ళి చూద్దాం రండి."

మామయ్య కళ్ళజోడును కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"నిజమే, ఇక్కడ సరిగా కనబడటం లేదు," అంటూ లేచాడు.