కాశీలో వదిలిన పెరుగు

ఈ పొద్దున మీ పిన్ని పెరుగు గిన్నె మూత తీయగానే వచ్చిన పులుపు వాసనకు, పిల్లలూ, నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. కొన్ని నెలలుగా నా నాలుక మీద చీమలు పాకుతున్నట్టు ఉంటోందనీ, ఏది తిన్నా ఇనుము నాకినట్టుందనీ మీకు ఫోన్లో చెప్పలేదు, బెంగపడతారని.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్నగారి భార్య. పెళ్లైన కొన్నేళ్లకే భర్త పోతే, ప్రొద్దుటూరులో మా బట్టల అంగడి వెనకున్న ఇంట్లో వంటంతా ఆమే చూసేది. ఎండాకాలం వస్తే మిద్దె మీద మామిడి ముక్కలు ఆరేవి, రోట్లో ఆవాలు నలిగేవి, ఇల్లంతా కారం ఘాటుకు తుమ్ములే. వీధిలో ఆడవాళ్లు ఊరగాయ కలిపి, ఆకు ముక్కలో కాస్త తెచ్చి, ఆమె నాలుకకు తగిలించాకే జాడీలకు గుడ్డ కట్టేవాళ్లు.

ఒక ఏడు ఆమె మా తాత, అవ్వలతో కాశీకి పోయింది. అక్కడ ఇష్టమైనదొకటి వదిలి రావాలి కదా. తాత కాకరకాయ వదిలాడు. అంతకుముందైనా ఆయన దాన్ని ముట్టింది లేదు. అవ్వ పనసపండు వదిలింది. మా ఊళ్లో అది దొరికితే కదా. పెద్దమ్మ మాత్రం పాలూ పెరుగూ మజ్జిగా వదిలేసింది, పెరుగు లేనిదే ముద్ద దిగని మనిషి. మాకు పెరుగన్నం కలిపి తినిపించి, వేళ్లకంటినదాన్ని నాకకుండా చెంబు నీళ్లతో కడుక్కునేది.

కొన్నేళ్లకు ఒకరోజు, "నాలుకంతా జివజివమంటాంది అత్తా, ఉప్పు తెలీడంల్యా," అంది అవ్వతో.

"వక్కాకులో సున్నం ఎక్కువైంటాదిలే," అంది పక్కింటామె.

"వక్కాకే ఏసుకోని దానికి సున్నం యాడిది?" అని అవ్వ ఆమెను కసిరి, కళాయి పోయిందేమోనని ఇత్తడి గిన్నెలన్నిటికీ పూత వేయించింది. వేడి చేసిందని మెంతులు నానబెట్టి ఆ నీళ్లు తాగించారు. ఏదీ పని చేయలేదు.

"రోంత మజ్జిగ తాగమ్మీ, సల్లబడతాది," అంది చివరికి అవ్వ.

"కాశీలో ఇడిసిపెట్టింది మల్లా యెట్ల తాగేది అత్తా?"

ఆ మాటకు వీధంతా ఆమె నిష్ఠను మెచ్చుకుంది. మేమూ మెచ్చుకున్నాం.

ఆ ఎండాకాలం ఆమె బాగుందన్న ఊరగాయలు ఉప్పు చాలక బూజు పట్టాయి. మరుసటేడు ఆకు ముక్కతో ఎవరూ మా గడప తొక్కలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడిన రోజు తాత కంచం పక్కకు జరిపి, "రేపట్నుంచి వంట సిన్నకోడలు సూసుకుంటాది," అన్నాడు. చిన్నకోడలంటే మా అమ్మ. పెద్దమ్మ మసిగుడ్డ మడిచి పొయ్యి పక్కన పెట్టి బయటికొచ్చింది. తర్వాత కాళ్లు తిమ్మిరెక్కి, చెప్పులు జారిపోయినా తెలియక నడిచేది. ఆపైన నడకే పోయింది. ముసలితనం రాకముందే ఆమే పోయింది.

మొన్న డాక్టరమ్మ నా నాలుక చూసి, దీనికి కారణాలు చాలా ఉంటాయంది: షుగరు, కొన్ని మందులు, నోటిపూత, ఒంట్లో బి ట్వెల్వ్ విటమిను తగ్గడం. నాకు ఏళ్లతరబడి మింగిన షుగరు మాత్రల వల్ల అది తగ్గిందట. మాంసం తినని మనలాంటి వాళ్లు పాలూ పెరుగూ కూడా మానేసినా తగ్గుతుందట. పెద్దమ్మ సంగతి చెప్పాను.

"నేను చూడని మనిషి గురించి గట్టిగా చెప్పలేను అవ్వా. అదే అయ్యుండొచ్చు."

ఆమె వేస్తున్న విటమిను సూదులతో నా నాలుకకు రుచి మెల్లగా తిరిగొస్తోంది. వీధిలో ఇప్పుడు జాడీలు లేవు, ఆకు ముక్కలు లేవు; ఊరగాయ సీసాల్లో కొంటున్నారు. పొద్దున పెరుగన్నం తిన్నాక చెంబు అందుకున్నాను గానీ, వేళ్లకంటిన పెరుగును చూస్తూ చాలాసేపు కడుక్కోలేకపోయాను.