మామగారిని లేపిన రోజు

మొన్న నడుం నొప్పికి వెళితే డాక్టరమ్మ, "ఎప్పుడైనా పెద్ద బరువులెత్తారా?" అని అడిగింది. ఎత్తబోయాను, ఎత్తలేకపోయాను అని చెబితే ఆవిడకేం అర్థమవుతుంది?

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. గుంటూరు నుంచి వచ్చి నానక్‌రామ్‌గూడలో ఓ మేడ మీద అద్దెకుండేవాళ్లం. మావారు ఆఫీసు పని మీద చెన్నై వెళ్లారు. ఇంట్లో నేను, అత్తగారు, పక్షవాతంతో ఒక పక్క చచ్చుబడిన మామగారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాష్టారు. కాలూ చెయ్యీ పడిపోయినా ఒళ్లు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. ఆయన్ని లేపి కూర్చోబెట్టే మనిషి రోజూ నార్సింగి నుంచి షేర్ ఆటోలో వచ్చేవాడు. ఓ బంద్ రోజున ఆటోల్లేవు, అతనూ రాలేదు. సరిగ్గా ఆ ఉదయమే మామగారు మంచం మీంచి జారి, మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుపోయారు. ఆయాసం ఎగదన్నుతోంది.

చంకల కింద చేతులు పెట్టి లాగాను. కదల్లేదు. మంచం జరుపుదామంటే ఆయన కాలు దాని కింద చిక్కుకుంది. అత్తగారేమో మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టారు. ఆవిడ ప్రార్థన లోకంలోని రోగులందర్నీ పలకరించి గానీ మా ఇంటికి రాదు.

"అత్తయ్యా, ముందు ఆ కాళ్లు పట్టుకోండి! ఆమెన్ తర్వాత చెప్పుకుందాం."

"మన బలం చాలనప్పుడే అమ్మాయ్, ప్రభువు బలం తెలిసేది."

"అది తెలిసేలోపు మామయ్యకి ఊపిరాగిపోయేట్టుంది!"

మళ్లీ లాగాను. నడుం కలుక్కుమని నేనూ కూలబడ్డాను. అక్కడే కూర్చుని, ఒళ్లు మండిపోయి, "ప్రభువా, నా వల్ల కాదు. ఇంక నీ ఇష్టం" అన్నాను. అది ప్రార్థన కాదు, తగాదా. చేతుల్లోకి బలమేమీ రాలేదు గానీ, అంతవరకూ ఉన్న భయం ఎటో పోయింది. పక్క వాటాల వాళ్లు బంద్‌కి ముందే ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలింది వీధి చివర రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతూ, నినాదాలిస్తున్న ఉద్యమం వాళ్లే. నా గుంటూరు యాస విని ఏమంటారోనని వారంగా ఆ దారే తొక్కలేదు. చెప్పుల్లేకుండా అటే పరిగెత్తాను.

"మా మామయ్యగారు పడిపోయారండీ, ఒక్కదాన్నే లేపలేకపోతున్నానండీ."

అన్నం కలుపుతున్న పెద్దామె గరిటె ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఏడ్వకు బిడ్డా. అరే, నలుగురు పోండ్రి జల్ది! నినాదాలు ఏడికి పోవు."

ఇద్దరు మంచం ఎత్తారు, ఇద్దరు మామగారిని. "తాతా, ఫికర్ చెయ్యకు, జర నా మెడ పట్టుకో" అన్నాడొకతను. రోజూ టీవీ ముందు కూర్చుని ఉద్యమాన్ని తిట్టిపోసే మామగారు, బుద్ధిగా ఉద్యమం కండువా ఉన్న ఆ మెడ చుట్టూ చెయ్యేసి, "మెల్లగా బాబూ" అన్నారు. వాళ్లు వెళ్లాక పెద్దామె గిన్నెడు పప్పన్నం కూడా పంపింది.

"చూశావా, దేవుడు పంపాడు" అన్నారు అత్తగారు.

నాకు మళ్లీ మండింది. "ఎండలో పరిగెత్తి పిలుచుకొచ్చింది నేనత్తయ్యా!"

"మరి నిన్ను పంపిందెవరే?"

ఆవిడతో ఇదే చిక్కు. మంట చల్లారకుండానే ఆ పప్పన్నం తీసుకెళ్లి మామగారికి తినిపించాను.

తర్వాత మామగారు చిక్కిపోతూ వచ్చారు. తెలంగాణ వచ్చేనాటికి ఆయన్ని నేనొక్కదాన్నే పక్కకు తిప్పి పడుకోబెట్టగలిగేదాన్ని. అత్తగారు దాన్నీ దేవుడిచ్చిన బలమే అన్నారు. ఈసారి నేను వాదించలేదు. కాలం బరువులు తగ్గిస్తుందని అందరూ అంటారు. మనిషినే తగ్గించుకుంటూ పోతుందని మాత్రం ఎవరూ చెప్పరు.