ఉస్తాద్ కాల్చిన వెదురు పుల్లలు

మా ఉస్తాద్ పోయిన వారం ఖమ్మం దవాఖానాలో చనిపోయారు. ఫోన్ వచ్చినప్పుడు నేను సాన ముందున్నాను. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేను ఉన్నదే రాస్తాను. ఆయన్ను చూసి నాలుగేళ్లు కుళ్లుకున్నాను.

సారపాక దారిలో మాది గొడ్డళ్లు, వెదురు నరికే కత్తులు చేసే కార్ఖానా. నేను ఫోన్‌లో వీడియోలు చూసి పని నేర్చుకున్నవాణ్ణి. నా దగ్గర మందం కొలిచే డిజిటల్ వెర్నియర్ ఉంది. ఆయన దగ్గర ఒక వెదురు పుల్ల, దానికి రెండు గాట్లు. ఎర్రటి ఇనుము పెద్ద గాటులో పట్టాలి, చల్లారాక చిన్నదాంట్లో పట్టాలి. ఆయన కొట్టిన ముక్కలన్నీ ఒక్కలాగే ఉండేవి. నావి ఒకటి లావు, ఒకటి సన్నం.

ఒక శుక్రవారం ఆయన నమాజుకు వెళ్లినప్పుడు, నా సత్తా చూపిద్దామని మిగతా పనివాళ్లతో ఆరు గొడ్డళ్లు కొట్టించాను. ఎర్రగా ఉన్నప్పుడే కొలిచి, తయారైన గొడ్డలి ఎంతుండాలో అంతకే ఆపాను. చల్లారాక అన్నీ సన్నబడ్డాయి. సాన పట్టడానికి ఇనుమే మిగల్లేదు.

ఉస్తాద్ ఒకదాన్ని తిప్పి చూశారు. "ఇనుము చల్లారితే ముడుచుకుంటదని నీ ఫోన్ చెప్పలేదా బేటా?"

"చెప్పింది. నేనే మరిచిన."

"సానకు గూడ ఆకలుంటది. దాని బువ్వ దానికుంచాలె."

అందరూ నవ్వారు. ఆయన తిట్టి ఉంటే ఇంత మండేది కాదు.

ఆ పుల్ల ఒక్కసారి చేతికొస్తే కొలుచుకుందామని చూసేవాణ్ణి. ఆయన ఇచ్చేవారు కాదు. రెండు రోజులు వాడి, కొలిమిలో పడేసి, కొత్తది చెక్కేవారు.

"నా కండ్ల ముంగటనే కాలుస్తవ్. నేనేమన్న దొంగనా ఉస్తాద్?"

"గాటు మాడి పెద్దగైతదిరా. రోజూ చూస్తం కాబట్టి మనకు తెల్వదు. పాత పుల్ల అబద్ధమాడుతది. నీది నువ్వు చెక్కుకో."

నేను నమ్మలేదు. దాస్తున్నారనే అనుకున్నాను.

ఆయన పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్తే, ఆయన భార్య, మేం ఖాలా అని పిలుస్తాం, ఒక పుల్ల తెచ్చిచ్చింది. "ఆయన అంగీ జేబుల ఉన్నది. 'వానికియ్యకు, వాడే చెక్కుకుంటడు' అన్నరు. నా మనసొప్పక ఇస్తున్న."

అక్కడే, గుమ్మంలోనే వెర్నియర్ తీశాను. పెద్ద గాటు అంచులు నల్లగా మాడి, గోరు మందం పెద్దదయ్యి ఉంది. అందులో కొలుచుకోవడానికేమీ లేదు. ఆయన చెప్పింది నిజమే.

మర్నాడు నేనే పుల్ల చెక్కాను. మూడు గొడ్డళ్లు పాడయ్యాయి. నాలుగోది చల్లారి, చిన్న గాటులో పట్టింది. సానకు దాని బువ్వ మిగిలింది. చూపించడానికి ఆయన లేరు. అప్పుడు కూడా కుళ్లే వచ్చింది, ఆయనకైతే మొదటిదే పట్టేదని.

ఆయన పుల్లను దాచుకుందామనుకున్నాను. కొలిమిలో వేశాను. వెదురు కణుపు టప్పున పేలింది. నా చేతిలోని కొత్త పుల్ల కొస అప్పటికే నల్లబడుతోంది.